ఆంధ్రరత్న దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారు: రామదండు కథ

ఆపద ముందుగా కబురంపి రాదు. అది వచ్చినప్పుడు తోటివారికి సాయపడవలెనను కోరిక మంచివారందఱికిని కలుగును. కాని కోరిక వేఱు, నేర్పు వేఱు. బావిలో పడినవానిని చూచి గట్టుమీద నూఱుగురు గుమిగూడి కేకలు వేసినంతమాత్రమున వాడు బ్రదుకడు. మోకు వేయుటయు, దానిని పట్టి నిలుచుటయు, ఒకరి మాటపై అందఱును లాగుటయు తెలిసినవారు నలుగురున్నచో వాడు గట్టెక్కును. అట్టి నలుగురు ఆపద వచ్చిన గడియలో పుట్టరు. అంతకుముందే తయారు కావలెను. జీతము నాశింపక, పేరు కోరక, ముందుగా నేర్చుకొని, పిలిచినప్పుడు వచ్చి నిలుచువారినే స్వచ్ఛంద సేవకులందుము.

తెలుగునాట అట్టి సేవకులను వేయిమందిని కూర్చి, వారికి క్రమశిక్షణమును గఱపి, వారిచే ఘనకార్యములు చేయించిన మహనీయుడు ఆంధ్రరత్న దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారు. ఆయన జీవించినది ముప్పది తొమ్మిది సంవత్సరములు మాత్రమే. అందు ప్రజాసేవలో గడపినది పదియేండ్లకు మించదు. ఆ స్వల్పకాలమున ఆయన చేసిన పని యెట్టిదో, అందు జయమెంతయో, లోపమెంతయో తెలిసికొనుట మన పాఠశాలలోని బాలబాలికలకు మిక్కిలి యవసరము.

బాల్యము, విద్య

గోపాలకృష్ణయ్యగారు 1889 జూన్ 2వ తేదీన కృష్ణాజిల్లా పెనుగంచిప్రోలు గ్రామమున జన్మించిరి. మునేటి యొడ్డున నున్న ఆ యూరు తిరుపతమ్మ తల్లి తిరునాళ్ళకు పేరు పొందినది. నేడది ఎన్.టి.ఆర్. జిల్లాలో చేరియున్నది. ఆయన తండ్రి కోదండరామస్వామిగారు బడిపంతులు, తల్లి సీతమ్మగారు. పొత్తిళ్ళలో నుండగనే తల్లిని, మూడవయేట తండ్రిని కోల్పోయిన ఆ పసివానిని పినతండ్రియు నాయనమ్మయు పెంచి పెద్దచేసిరి. కూచిపూడిలోను గుంటూరులోను ఆయన చదువు సాగెను.

చదువు సాగెనని చెప్పుటయేగాని అది తిన్నగా సాగలేదు. ఆయనకు పాటలన్నను, నాటకములన్నను ప్రాణము. ఉన్నత పాఠశాలలో నున్నప్పుడే ఒక నాట్యమండలిని నెలకొల్పి ప్రదర్శనములు చేయించుచుండిరి. ఫలితముగా మెట్రిక్యులేషను పరీక్షలో తప్పిరి. పిమ్మట బాపట్లలో చదివి కృతార్థులై, అచటి తాలూకా కచేరిలో కొంతకాలము ఉద్యోగము చేసిరి. ఒకమాఱు పరీక్ష తప్పిన పిల్లవానిని పనికిమాలినవానిగా ఎంచు తలిదండ్రులు ఈ సంగతి గమనింపదగును. మండలిని నడపుటలో, పదిమందిని ఒక్క తాటిపైకి తెచ్చుటలో ఆ బాలుడు నేర్చినది పరీక్షాపత్రములో నడిగిన విషయము కాదు. కాని ముందుముందు దేశమునకు అదియే పనికివచ్చెను.

ఆయనకు నడింపల్లి నరసింహారావుగారను ప్రాణమిత్రు డుండెను. ఆ మిత్రుని సహాయముతో 1911లో గోపాలకృష్ణయ్యగారు స్కాట్లండు దేశమునకు పోయి, ఎడింబరో విశ్వవిద్యాలయమున అర్థశాస్త్రమున ఎం.ఏ. పట్టము పొందిరి. కళాతత్త్వవేత్తయగు ఆనంద కుమారస్వామిగారితో స్నేహము కుదిరి, వారిరువురును కలిసి నందికేశ్వరుని అభినయదర్పణమను సంస్కృత నాట్యశాస్త్ర గ్రంథమును ఆంగ్లమునకు అనువదించిరి. ఆ పుస్తకమును 1917లో అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయము ప్రకటించెను. చదివినది అర్థశాస్త్రము, అనువదించినది నాట్యశాస్త్రము. పరదేశమున నున్నను ఆయన మనస్సు ఎచ్చట నుండెనో దీనివలన తెలియుచున్నది.

స్వదేశమునకు వచ్చిన తరువాత ఆయన రాజమహేంద్రవరమునను, బందరునను ఉపాధ్యాయులుగా పనిచేసిరి. పై యధికారులతో పొత్తు కుదరక ఆ కొలువులను విడిచిరి. ఎడింబరో పట్టమునకు ఆ దినములలో పెద్ద జీతములు లభించుచుండెను. ఆయన వానిని లెక్కింపలేదు. 1919లో గ్రంథాలయోద్యమముద్వారా ప్రజలలోనికి వచ్చిరి. చీరాలలో ఆంధ్ర విద్యాపీఠ గోష్ఠి యను సంస్థను స్థాపించి సంస్కృతాంధ్ర సాహిత్యములను బోధింపజేసిరి. తోలుబొమ్మలాట, వీధిభాగవతము మున్నగు పల్లెకళలను ఆదరించిరి. 1920లో కలకత్తా కాంగ్రెసు సహాయనిరాకరణమును తీర్మానించిన పిమ్మట తక్కిన వ్యాపకములను కట్టిపెట్టి పూర్తిగా జాతీయోద్యమములో దిగిరి. పండితులు మెచ్చు సంస్కృతము, దొరలు మెచ్చు ఆంగ్లము ఆయనకు వచ్చియుండెను. కాని జనసామాన్యము ఎదుట నిలిచినప్పుడు చక్కని తెలుగున హాస్యము చిలుకుచు మాటలాడుచుండిరి. ఆయన ఆశువుగా చెప్పిన చాటువులు నేటికిని తెలుగువారి నోళ్ళలో నానుచున్నవి.

రామదండు

గోపాలకృష్ణయ్యగారు చీరాలలో స్థాపించిన సేవకదళమునకు శ్రీరామదండు అని పేరు. ఆ పేరు పెట్టుటలోనే ఒక యుక్తి కలదు. సేతువు కట్టిన వానరసేనకు జీతములు లేవు. వారిలో రాజులేగాని కూలివారు లేరు. చిన్న యుడుత సైతము తనకు చేతనైన ఇసుకను మోసినది. ఈ కథ తెలియని తెలుగువాడు లేడు. అక్షరము రాని నేతగానికిని, కూలివానికిని స్వచ్ఛందసేవ యననేమో వివరింప నక్కఱలేకుండ ఆ ఒక్క పేరు చెప్పెను.

దండులో సుమారు వేయిమంది చేరిరి. కాషాయవస్త్రములు, మెడలో రుద్రాక్షలు, నుదుట సిందూరము వారి వేషము. సైనికులవలె వరుసలో నడచుటకును, ఆజ్ఞ వినినతోడనే ఆచరించుటకును వారికి శిక్షణము ఇచ్చిరి. భక్తియు, సైనికక్రమమును ఒకచోట కలిపిన దళమది. వారి చేతిలో ఆయుధములు లేవు. ఆయుధమున్నవానికి కొంత భయముచేత జనులు లోబడుదురు. ఆయుధము లేనివాడు జనసమూహమును అదుపులో నుంచవలెనన్నచో, ముందు తాను అదుపులో నుండవలెను. అందుచేత ఇట్టి శిక్షణము సైనికశిక్షణముకంటె కష్టమైనది.

ఆ శిక్షణమునకు మొదటి గొప్ప పరీక్ష బెజవాడలో జరిగెను. 1921 మార్చి 31, ఏప్రిల్ 1 తేదీలలో అఖిల భారత కాంగ్రెసు సంఘము అచ్చట సమావేశమయ్యెను. తిలక్ స్వరాజ్యనిధికి కోటి రూపాయలు కూర్చుట, కోటిమంది సభ్యులను చేర్చుట, ఇరువది లక్షల రాట్నములు తిరుగునట్లు చేయుట అను ప్రసిద్ధ నిర్ణయములు అచ్చటనే జరిగినవి. మహాత్మా గాంధి, ఇతర దేశనాయకులు వచ్చుచున్నారని విని పల్లెపల్లెలనుండి జనులు లక్షలకొలదిగా బెజవాడకు తరలివచ్చిరి. అంతటి జనము చేరినచోట దారి మూసికొనిపోవును, పిల్లలు తప్పిపోవుదురు, ముసలివారు ఎండకు సొమ్మసిల్లుదురు, ముందుకు త్రోసికొను ఒక్క క్షణములో ప్రాణములు పోవును. అంతటి సమ్మర్దమున రామదండు శాంతిని కాపాడి, సభలు సక్రమముగా జరుగునట్లు చేసి, నాయకుల ప్రశంసకు పాత్రమయ్యెను. జనసామాన్యమునుండి వచ్చిన తెలుగువారు, పోలీసుల లాఠీ లేకుండ, జనసముద్రమునకు గట్టువలె నిలువగలరని దేశమునకు తెలిసెను. ఆ యేడే ఆంధ్రులు గోపాలకృష్ణయ్యగారిని ఆంధ్రరత్న యను బిరుదముతో గౌరవించిరి.

చీరాల పేరాల

రెండవ పరీక్ష మొదటిదానికంటె కఠినమైనది. చీరాల, పేరాల అనునవి సముద్రతీరమునకు చేరువనున్న జంట గ్రామములు. అచ్చటి జనులలో నేతపనివారు పెక్కురు. 1919లో మద్రాసు ప్రభుత్వము ఈ గ్రామములను కలిపి పురపాలక సంఘముగా మార్చెను. అంతవరకు ఏటికి నాలుగువేల రూపాయలకు చేరువగానున్న పన్ను ఎన్నో రెట్లు పెరిగెను. మగ్గముపై బ్రదుకు కుటుంబములకు అది మోయరాని బరువు. పురపాలక సంఘము మాకు వలదని వారు మొఱపెట్టుకొనిరి. మొఱ వినువారు లేరైరి. పన్ను కట్టమని నిలిచిన వారిలో కొందఱకు కారాగారశిక్ష పడెను. అట్లు శిక్షపొందినవారిలో రావూరి అలమేలుమంగమ్మగారను వనిత కూడ ఉండెను.

బెజవాడ సభల పిమ్మట, 1921 ఏప్రిల్ 6వ తేదీన గాంధీమహాత్ముడు చీరాలకు వచ్చెను. ప్రజల యెదుట రెండు మార్గములున్నవని ఆయన తెలిపెను. శాంతముగా పన్ను నిరాకరించి వచ్చు కష్టముల ననుభవించుట ఒకటి. పురపాలక సంఘపు ఎల్లలు దాటి ఊరు విడిచి పోవుట రెండవది. దీనికే హిజ్రతు అని పేరు. ఏ మార్గము పట్టినను బయటి సహాయముపై ఆశ పెట్టుకొనక తమ కాళ్ళపై తాము నిలువవలెనని కూడ ఆయన హెచ్చరించెను.

గోపాలకృష్ణయ్యగారు రెండవ మార్గము నెన్నుకొనిరి. ఆ వేసవిలో చీరాల పేరాలలు ఖాళీ అయ్యెను. 15,326 మంది జనులలో 13,572 మంది తమ యిండ్లను విడిచి, ఎల్ల వెలుపల పాకలు వేసికొని కాపురముండిరి. ఆ పాకల యూరికి రామనగరమని పేరు పెట్టిరి. నాయనలారా, ఈ సంఖ్యను ఒకమాఱు ఊహించి చూడుడు. ఇది ఒక వీధి కాదు, ఒక కులము కాదు. పసిబిడ్డల తల్లులు, మంచము పట్టిన ముసలివారు, మగ్గము విడిచిన నేతగాండ్రు, అంగడి మూసిన వర్తకులు అందఱును కదలిరి. తాళము వేసిన ఇల్లు కనుచూపుమేరలో నుండగా, తాటాకు పాకలో ఎండకు ఎండి వానకు తడియుచు పదునొకండు నెలలు గడపిరి.

ఊరు విడుచుట ఒక దినపు ఉత్సాహముతో జరుగవచ్చును. విడిచిన చోట నెలల తరబడి నిలుచుట ఉత్సాహముతో జరుగదు. దానికి ప్రతిదినము పనిచేయు చేతులు కావలెను. పదుమూడువేలమందికి నీరు కావలెను. పాకలకు నిప్పంటుకొనకుండ కావలి కావలెను. పారిశుద్ధ్యము లేనిచో అంటువ్యాధులు ప్రబలును. ఇరుకున కాపురమున్నచోట తగవులు పుట్టును. రామదండు రామనగరమునకు రక్షకదళముగా నిలిచెను. తగవులను కచేరీలకు పోకుండ తమలో తామే తీర్చుకొను ఏర్పాటు చేసికొనిరి. బెజవాడలో రెండు దినములు చేసిన పనిని ఇచ్చట నెలల కొలది చేయవలసివచ్చెను. మెప్పు పొందు సేవ సులభము. ఎవరును చూడని రాత్రి కావలి కష్టము. ఆ కష్టమైన సేవయే రామదండుకు నిజమైన కీర్తి.

ఇంతమందిని పోషించుటకు ధనము కావలెను. దానిని కూర్చుటకై గోపాలకృష్ణయ్యగారు ఊరూరు తిరిగిరి. గంజాము జిల్లా బరంపురమున మాటలాడరాదను ప్రభుత్వాజ్ఞను మీఱి మాటలాడినందుకు ఆయనను నిర్బంధించిరి. ఒక సంవత్సరము కారాగారశిక్ష విధించి తిరుచిరాపల్లి చెఱసాలకు పంపిరి. నాయకుడు చెఱకు పోయిన పిమ్మటను ప్రజలు కొన్నినెలలు పాకలలోనే యుండిరి. కాని ధనము తఱిగెను. ధైర్యము చెప్పువారు చెఱసాలల పాలైరి. ఇంతలో 1922 ఫిబ్రవరిలో గాంధీమహాత్ముడు దేశమంతటను శాసనోల్లంఘనమును నిలిపివేసెను. కడకు రామనగరవాసులు బరువైన హృదయములతో తమ యిండ్లకు మఱలిరి.

దేశోద్యమము ఆగుటకు కారణమైన సంఘటన ఏదియో తెలిసికొన్నచో రామదండు విలువ మఱింత తెలియును. ఉత్తరదేశమున గోరఖ్‌పూరు దగ్గఱ చౌరీచౌరా యను గ్రామమున, కాంగ్రెసు సేవకులు నడపిన ఊరేగింపుపై పోలీసులు కాల్పులు జరుపగా, కోపోద్రిక్తులైన జనులు ఠాణాకు నిప్పుపెట్టిరి. ఇరువదిమందికి పైగా పోలీసులు చనిపోయిరి. అచ్చటివారికిని దేశభక్తి కలదు, కష్టములును కలవు. కోపము వచ్చిన క్షణమున తన్ను తాను పట్టుకొను అలవాటు మాత్రము కొఱవడెను. చీరాలలో పదుమూడువేలమంది ఇండ్లు కోల్పోయియు, నాయకుని కోల్పోయియు హింసకు పూనుకొనలేదు. ఈ తేడాకు కారణములు పెక్కు ఉండవచ్చును. అందు శిక్షణ మొకటి యనుటలో సందేహము లేదు.

కాకినాడ, కన్నడసీమ

చెఱనుండి వెలువడిన తరువాతను గోపాలకృష్ణయ్యగారు దేశసేవ మానలేదు. 1923 డిసెంబరులో కాకినాడలో మౌలానా మహమ్మదాలీగారి అధ్యక్షతన కాంగ్రెసు మహాసభ జరిగెను. ఆ సభలకు సంబంధించిన రెండు సంగతులు మనకు ముఖ్యమైనవి.

మొదటిది: అచ్చటి ఖాదీ ప్రదర్శనశాల వాకిట కావలియున్న పదునాలుగేండ్ల బాలిక, చీటి లేదని జవహర్‌లాల్ నెహ్రూగారినే ఆపివేసెను. నిర్వాహకులు చీటి కొని యిచ్చిన పిమ్మటనే లోనికి విడిచెను. తన పని తాను చేసిన ఆ పిల్లను నెహ్రూగారు మెచ్చుకొనిరి. ఆ బాలికయే పిమ్మట ఆంధ్ర మహిళాసభను స్థాపించి, రాజ్యాంగ నిర్మాణసభలో సభ్యురాలైన దుర్గాబాయి దేశ్‌ముఖ్‌గారు. ఎదుట నున్నవారు ఎంతవారైనను నియమము నియమమేయను ధైర్యము సేవకులకు ఉండవలసిన మొదటి గుణము. ఆ గుణమునకు ఆడ మగ భేదము లేదు.

రెండవది: హిందుస్థానీ సేవాదళమను అఖిల భారత సేవకసంస్థ కాకినాడలోనే అవతరించెను. దానికి మూలపురుషుడు మన కర్ణాటకమువాడగు డాక్టరు నారాయణ సుబ్బారావు హర్డీకరుగారు. ఆయన ధారవాడలో జన్మించెను. ఆయన పుట్టినదియు 1889వ సంవత్సరమే. అమెరికాలో చదివివచ్చిన ఈ వైద్యుడు హుబ్బళ్ళిలో యువకులను కూర్చి, 1923లో జరిగిన నాగపూరు జెండా సత్యాగ్రహమునకు వారిని తీసికొనిపోయెను. చెఱసాలలో తక్కినవారు పెక్కురు క్షమాపణ చెప్పి వెలువడినను హుబ్బళ్ళివారు చలింపలేదు. శిక్షణము పొందిన దళము దేశమంతటికిని కావలెనను తలంపు దీనినుండి పుట్టినది. మఱుసటి యేడు గాంధీమహాత్ముని అధ్యక్షతన బెళగావిలో జరిగిన కాంగ్రెసులో ఆ సేవాదళము చక్కగా పనిచేసెను. ఒకే యేట పుట్టి, ఒకరు స్కాట్లండులోను, ఒకరు అమెరికాలోను చదివి, ఒకరు తెలుగునాట, ఒకరు కన్నడనాట ఒకే పనికి పూనుకొనిరి. కన్నడసీమలో తెలుగు చదువుకొను మనకు ఇంతకంటె మంచి చుట్టఱికమేమి కావలెను? కైవారము తాతయ్యగారు తెలుగునను కన్నడమునను పాడిన నేల మనది. ఆ రెండు భాషలవారును విదురాశ్వత్థములో 1938 ఏప్రిల్ 25వ తేదీన ఒకే జెండా క్రింద నిలిచి గుండ్లకు ఎదురొడ్డిరి.

తుదిదినములు

గోపాలకృష్ణయ్యగారి తుదిదినములు దుఃఖకరమైనవి. ఉన్నదంతయు ప్రజాకార్యమునకు వ్యయము చేసిన ఆయనను దారిద్ర్యము చుట్టుకొనెను. క్షయరోగము పట్టుకొనెను. ఆ దినములలో క్షయకు నేడున్నట్టి మందులు లేవు. 1928 జూన్ 10వ తేదీన ఆయన దేహము చాలించిరి. చీరాలవారు ఆయనను మఱవలేదు. విజయవాడలోని కాంగ్రెసు కార్యాలయము ఆంధ్రరత్న భవనమను పేరుతో ఆయన బిరుదమును నేటికిని ధరించియున్నది.

మోకు నేర్పు పాఠము

ఆయన జీవితమునుండి మనము గ్రహింపవలసినదేమి? నేటి సేవకదళముల పనిని చూచినచో అది సులభముగా తెలియును.

మన జిల్లాలోనే 2022 ఫిబ్రవరి 20వ తేదీన నందికొండకు చేరువనున్న బ్రహ్మగిరిలో ఒక పందొమ్మిదేండ్ల విద్యార్థి కాలుజారి మున్నూఱు అడుగుల క్రింద బండల నడుమ చిక్కుకొనెను. జాతీయ విపత్తు ప్రతిస్పందన దళమువారును, పోలీసులును ప్రయత్నించినను నిటారుగానున్న ఆ చోటికి చేరుట కష్టమయ్యెను. తుదకు యలహంకనుండి వాయుసేన హెలికాప్టరు వచ్చి ఆ యువకుని పైకి తీసి కాపాడెను. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి, ఒకప్పుడు రామదండు నిలిచిన విజయవాడలోనే వేలకొలది యిండ్లు నీట మునిగినప్పుడు పడవలతోను త్రాళ్ళతోను జనులను ఒడ్డునకు చేర్చిరి. విపత్తు నిర్వహణ చట్టము 2005లో వచ్చినది. ఆ జాతీయదళము 2006లో ఏర్పడినది. అయినను మొదటి గడియలో దగ్గఱనుండువారు ఊరివారే. అందుచేతనే 2016లో ఆపదమిత్ర యను పథకము ప్రారంభమై, ఊళ్ళలోని స్వచ్ఛంద సేవకులకు పండ్రెండు దినములు రక్షణకార్యమున శిక్షణము ఇచ్చుట మొదలయ్యెను. 2021 తరువాత దానిని 350 జిల్లాలకు, లక్షమంది సేవకులకు విస్తరింపజేసిరి.

మోకుతో మనుష్యుని కాపాడు శిక్షణములో మొదట నేర్పునవి సాహసములు కావు; చిన్న చిన్న నియమములు. ఎనిమిది అంకెను పోలిన ముడి వేయుట నేర్పుదురు. వేసిన ముడిని వేసినవాడు గాక ప్రక్కవాడు చేతితో తడిమి చూడవలెను. బండ అంచున త్రాడు ఒరసి తెగకుండ క్రింద మెత్త వేయవలెను. లాగుమనుటకు, ఆపుమనుటకు ఒక్కడే ఆజ్ఞ ఇయ్యవలెను. కాని అపాయము చూచినవాడు ఎంత చిన్నవాడైనను ఆపుమని కేకవేయవచ్చును. అన్నిటికంటె ముఖ్యమైన నియమ మొకటి కలదు. మనుష్యుని ప్రాణమును ఒకే ఆధారముపై వ్రేలాడదీయరాదు. ఒక మోకు ఒక కొయ్యకు కట్టినచో, రెండవ మోకును వేఱొక గట్టి చోట కట్టియుంచవలెను. మొదటిది ఊడినను రెండవది పట్టుకొనును.

ఈ నియమముతో చీరాల కథను చూడుడు. ముళ్ళు గట్టివే, త్రాడు గట్టిదే. పదుమూడువేలమంది పదునొకండు నెలలు వ్రేలాడినను అది తెగలేదు. కాని ఆధారము మాత్రము చాలవఱకు ఒక్క మహాపురుషునిపై నుండెను. ఆ యొక్కని ప్రభుత్వము ఊడబెఱికినప్పుడు బరువంతయు సడలెను. ఆయనను నిందించుటకు ఈ మాట చెప్పుట లేదు. అంతటివాడు మఱొకడు ఆ సమయమున దొరకుట దుర్లభము. కాని సేవకుల నాయకుడైనవాడు తాను లేని దినమునకు కూడ దళమును తయారుచేయవలెనను పాఠము ఇందున్నది. తాను నేర్చినది మఱి యిద్దఱికి నేర్పనివాని విద్య సగము విద్యయే.

విద్యార్థులారా! మన ప్రాంతమున గుట్టలు, కోటలు, రాతి క్వారీలు, పాడుబడిన బావులు పెక్కు గలవు. గుమ్మనాయకనపాళ్యపు కోటకు, నందికొండకు మీరు విహారయాత్రలకు పోవుదురు. బండ అంచులకు పోయి సాహసము చూపుట శౌర్యము కాదని మొదట తెలిసికొనుడు. నేర్చినవారి యెదుట తప్ప త్రాటిపై దిగుటకు పూనుకొనకుడు. ఈత, ప్రథమచికిత్స, ముడులు వేయుట పెద్దల సమక్షమున నేర్చుకొనుడు. బడిలో ప్రార్థనకు వరుసగా నిలుచుట, ఉత్సవములలో చిన్నపిల్లలను దారి దాటించుట, తిరునాళ్ళలో నీరు అందించుట అల్పమైన పనులని తలంపకుడు. రామదండు గొప్పతనము ఇట్టి పనులతోనే పెరిగినది.

తలిదండ్రులకు ఒక మనవి. తెలుగు చదివిన పిల్లవాడు వెనుకబడునేమో యను భయము మీలో కొందఱికి కలదు. గోపాలకృష్ణయ్యగారు ఎడింబరోవరకు పోయిరి. హార్వర్డువారు అచ్చువేసిన గ్రంథమునకు అనువాదకులైరి. అయినను పదుమూడువేలమందిని ఒక్క మాటపై నడపినది ఆయన యింటిభాషయే. ఇల్లు విడిచి వచ్చిన నేతగానికి ధైర్యము చెప్పవలసినప్పుడు ఆయనకు అక్కఱకు వచ్చినది తెలుగు. మీ బిడ్డలు కన్నడమును చక్కగా నేర్వవలెను, ఆంగ్లమును నేర్వవలెను, తల్లిభాషను విడువరాదు. ఆపదలో నున్నవాడు ఏ భాషలో కేక వేయునో ఆ భాషలో బదులు పలుకగలవాడే మొదట వానిని చేరగలడు. సరిహద్దు సీమలో రెండు భాషలు వచ్చిన పిల్లలు రెండు ఊళ్ళకు దిక్కగుదురు.